మిస్సోరి మళ్లీ కదిలిన సినిమా

‘బ్యాటిల్‌షిప్’ సినిమాకి 2012లో దక్కిన మర్యాద చాలా తక్కువ. పీటర్ బర్గ్ తీశాడు. 20 కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చయింది. అమెరికాలో మే 18న విడుదలయ్యేనాటికి ‘ది అవెంజర్స్’ వచ్చి రెండు వారాలు. జనం ఇంకా దాని మీదే ఉన్నారు. అక్కడ వసూలైంది ఆరున్నర కోట్ల డాలర్లు. ప్రపంచమంతా కలిపితే 30 కోట్ల చిల్లర. అంత ఖర్చు పెట్టిన సినిమాకి అది నష్టం కిందే లెక్క. పిల్లలు గళ్ల పలక మీద పుల్లలు గుచ్చి ఆడుకునే ఆటను పట్టుకొచ్చి గ్రహాంతరవాసుల సినిమా చేశారని విమర్శకులు చీల్చి చెండాడారు. గాయని రిహానా మొదటిసారి పెద్ద పాత్ర వేస్తే ఆ ఏటి చెత్త సహాయనటి బహుమతి ఆమెకే కట్టబెట్టారు.

నేను విశాఖపట్నంలో ఓడల మరమ్మతు పనిలో, బాయిలర్ల దగ్గర, ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ని. మా అబ్బాయి టీవీలో ఈ సినిమా పెట్టినప్పుడు పెద్దగా ఆశ లేకుండానే కూర్చున్నాను. సముద్రం మీద కప్పల్లా గెంతే పరలోకపు ఓడలు, పేలుళ్లు, అరుపులు. బాగానే ఉంది, కాలక్షేపం అనుకున్నాను. చివరి అరగంటలో మిస్సోరి అనే పాత అమెరికన్ యుద్ధనౌక తెర మీదికొచ్చింది. అక్కణ్ణుంచి నేను కదల్లేదు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ఆ అరగంట వదులుకోను. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో ఓపిగ్గా వాదిస్తాను కూడా. ఎందుకంటే ఆ అరగంట ఒక నిజమైన ఓడ చరిత్ర మీద నిలబడి ఉంది. ఆ చరిత్ర తెలిస్తే సినిమా మరోలా కనిపిస్తుంది.

కథ క్లుప్తంగా చెప్తాను. హవాయి దగ్గర అనేక దేశాల నౌకాదళాలు కలిసి విన్యాసాలు చేస్తుంటాయి. ఇది కల్పన కాదు. రిమ్‌ప్యాక్ అనే ఆ విన్యాసాలు 1971 నుంచి జరుగుతున్నాయి. జపాన్ 1980 నుంచి పాల్గొంటోంది. 2014లోనూ, 2018లోనూ మన ఐఎన్‌ఎస్ సహ్యాద్రి వెళ్లింది. అది తూర్పు నౌకాదళం ఓడే. సినిమాలో ఆ విన్యాసాల మధ్యలో గ్రహాంతరవాసులు దిగుతారు. వాళ్లు వేసిన అదృశ్య గోడ లోపల మూడు ఓడలు చిక్కుకుంటాయి. రెండు అమెరికావి, ఒకటి జపాన్‌ది. ఒక్కొక్కటే మునిగిపోతాయి. మిగిలిన అమెరికన్ లెఫ్టినెంట్‌కీ, మొదట్లో అతనితో కొట్లాడిన జపాన్ కెప్టెన్ నగాటాకీ చేతిలో ఓడే ఉండదు. రేవులో మ్యూజియంగా కట్టేసి ఉన్న మిస్సోరి ఒక్కటే దిక్కవుతుంది. దాన్ని నడపడం ఎవరికి తెలుసు? అదే ఓడలో ఒకప్పుడు పనిచేసిన ముసలివాళ్లకి. తెల్ల జుట్లతో, టోపీలతో వాళ్లు డెక్కు మీద ఒక్కొక్కరే నిలబడి కనిపిస్తారు. ఆ వేషాలు వేసినవాళ్లలో నిజంగా నౌకాదళంలో పనిచేసి దిగినవాళ్లు ఉన్నారు. నిలబడ్డ తీరులోనే అది తెలిసిపోతుంది.

ఆ డెక్కు మీద ఒక జపాన్ అధికారి, ఒక అమెరికన్ అధికారి పక్కపక్కన నిలబడటం మామూలు విషయం కాదు.

మిస్సోరిని న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నౌకా నిర్మాణశాలలో కట్టారు. 1944 జనవరి 29న జలప్రవేశం. మిస్సోరి రాష్ట్ర సెనేటర్ హారీ ట్రూమన్ కూతురు మార్గరెట్ చేత ఆనవాయితీ ప్రకారం ఓడ ముక్కుకి సీసా కొట్టించారు. ఏడాదిన్నర గడిచేసరికి ఆ సెనేటర్ అధ్యక్షుడు, యుద్ధం ముగింపు ఆయన చేతిలో ఉంది. జపాన్ లొంగుబాటు సంతకాలకి మిస్సోరిని ఎంచుకోవడంలో ఆయన సొంత రాష్ట్రం పేరుకీ పాత్ర ఉంది.

1945 సెప్టెంబరు 2, టోక్యో అఖాతం. జపాన్ తరఫున సంతకం పెట్టడానికి వచ్చిన విదేశాంగ మంత్రి మమోరు షిగెమిట్సుకి ఒక కాలు లేదు. 1932లో షాంఘైలో జరిగిన బాంబు దాడిలో పోయింది. కొయ్యకాలు, చేతికర్ర. అంత ఎత్తు ఓడకి పక్కన వేలాడే నిచ్చెనమెట్లు ఆయన ఎంతసేపట్లో ఎక్కగలడన్నది ఓడ సిబ్బందికి పెద్ద చింత. కార్యక్రమం నిమిషాల లెక్కన నడవాలి మరి. అందుకని ఒక కుర్ర నావికుడి ప్యాంటులోకి తుడిచే కర్ర దూర్చి, కాలు వంగకుండా చేసి, అతన్ని మెట్లెక్కించి సమయం చూసుకున్నారు. ఇది తెలిశాక ఆ చారిత్రక రోజు నాకు చాలా దగ్గరైంది. మాకూ పెద్ద అధికారులు తనిఖీకి వస్తున్నారంటే ముందురోజు ఇలాంటి రిహార్సల్సే ఉండేవి.

బల్ల సంగతి ఇంకా ముచ్చటైనది. సంతకాల కోసం బ్రిటిష్ యుద్ధనౌక ‘కింగ్ జార్జ్ ది ఫిఫ్త్’ నుంచి నగిషీ పనితనం ఉన్న మహాగని బల్ల పంపారు. తీరా చూస్తే పత్రాలు రెండూ పరిస్తే చోటు చాలట్లేదు. అప్పటికప్పుడు సిబ్బంది భోజనశాలలోంచి ఒక మడత బల్లను లాక్కొచ్చారు. అధికారుల గదిలోంచి ఆకుపచ్చ గుడ్డ తెచ్చి పైన పరిచారు. ఆ గుడ్డ మీద కాఫీ మరకలు. ప్రపంచయుద్ధం ఆ బల్ల మీద ముగిసింది. అమెరికన్ జనరల్ మెకార్థర్ ప్రసంగంతో కలిపి అంతా 23 నిమిషాలు. కార్యక్రమం కాగానే వంటవాళ్లు ఆ బల్లను మామూలుగా తీసుకుపోయి మధ్యాహ్న భోజనానికి వేసేశారు. దాన్ని దాచాలని ఎవరికో గుర్తొచ్చి వెనక్కి తెప్పించారు.

సినిమాలో గ్రెగరీ గాడ్సన్ అనే ఆయన ఉన్నాడు. నిజ జీవితంలో అమెరికా సైన్యంలో కర్నల్‌గా పనిచేశాడు. 2007లో బాగ్దాద్‌లో బాంబు పేలి రెండు కాళ్లూ పోయాయి. సినిమాలోనూ కాళ్లు పోయిన సైనికుడిగానే వేశాడు. లోహపు కాళ్లతో కొండెక్కి గ్రహాంతరవాసితో తలపడతాడు. రచయితలు షిగెమిట్సుని తలుచుకుని ఆ పాత్ర రాశారో లేదో, నాకు మాత్రం ఇద్దరూ ఒకేసారి గుర్తొస్తారు. ఓడిపోయిన దేశం తరఫున కొయ్యకాలితో మిస్సోరి ఎక్కిన మంత్రి, ఆ ఓడ కదిలే సినిమాలోనే లోహపు కాళ్లతో మళ్లీ పోరాటానికి లేచిన సైనికుడు.

లొంగుబాటుకి ఐదు నెలల ముందు ఇదే ఓడ మీద జరిగిన మరో సంగతి సినిమా చెప్పదు. నన్నడిగితే ఆ ఓడ చరిత్రలో అంతకంటే పెద్దది లేదు. 1945 ఏప్రిల్ 11న ఒకినావా దగ్గర ఒక జపాన్ ఆత్మాహుతి విమానం మిస్సోరి కుడి పక్కకి గుద్దుకుంది. బాంబు పేలలేదు. మంటలు ఆర్పాక, ముక్కలైన విమానంలోంచి పైలట్ శరీరం డెక్కు మీద దొరికింది. నీళ్లతో కడిగి సముద్రంలోకి తోసెయ్యమన్నవాళ్లు ఉన్నారు. కెప్టెన్ విలియం క్యాలహాన్ ఒప్పుకోలేదు. మన నావికుడు చనిపోతే ఎలా సాగనంపుతామో ఇతన్నీ అలాగే సాగనంపాలన్నాడు. నావికులు రాత్రికి రాత్రి గుడ్డలు కుట్టి జపాన్ జెండా తయారుచేశారు. మర్నాడు సైనిక లాంఛనాలతో, తుపాకులు పేల్చి, ఆ కుర్రాణ్ని సముద్రంలో విడిచారు.

ఈ క్యాలహాన్ అన్న డేనియల్ రియర్ అడ్మిరల్. 1942 నవంబరులో గ్వాడల్‌కెనాల్ దగ్గర జపాన్ ఓడల గుండ్లకి బలయ్యాడు. సొంత అన్నను చంపిన పక్షంవాడి శవం కాళ్ల దగ్గర పడి ఉంటే తమ్ముడు చేసిన పని ఇది. ఆ విమానం తగిలినచోట ఓడ అంచుకి పడ్డ సొట్ట ఇప్పటికీ ఉంది, సరిచెయ్యలేదు. ఓడ మరమ్మతు చేసేవాడిగా ఎన్నో సొట్టలు సరిచేయించినవాణ్ని, ఆ ఒక్క సొట్టను మాత్రం ముట్టుకోకూడదనే అంటాను. 2015లో జపాన్‌లోని చిరాన్ శాంతి మ్యూజియం వాళ్లు ఆత్మాహుతి పైలట్లు ఇళ్లకి రాసిన చివరి ఉత్తరాలను మిస్సోరి మీదే ప్రదర్శనకి పెట్టారు.

ఇంత ఉంది కాబట్టే, నగాటా ఆ ఓడ ఎక్కినప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది. సినిమా అక్కడ ఉపన్యాసం చెప్పదు. ఇద్దరూ పనిలోకి దిగుతారంతే. ఆ నిగ్రహానికి విమర్శకులు ఎవరూ ఒక్క మార్కూ వెయ్యలేదు.

ఇక నా పని సంగతి. మిస్సోరిలో ఎనిమిది బాయిలర్లు, నాలుగు షాఫ్టులు. మొత్తం 2,12,000 గుర్రాల బలం. 887 అడుగుల పొడవు, నిండా సరుకెక్కితే 57 వేల టన్నుల పైబడ్డ ఓడను గంటకి 60 కిలోమీటర్ల వేగంతో తోస్తుంది. సినిమాలో ముసలివాళ్లు కిందికి దిగి వాల్వులు తిప్పుతారు, మంట అంటుకుంటుంది, పాట మోగుతుంది, ఓడ కదులుతుంది. నిజంగా అయితే మ్యూజియం ఓడలో ఇంధనం ఉండదు, మందుగుండు ఉండదు. ఉన్నా, చల్లారి ఉన్న బాయిలర్‌లో ఆవిరి లేపడానికి గంటలు పడుతుంది. ముందు నీళ్లు పట్టాలి. నూనె వేడిచేసి పల్చబరచాలి. ఒక్క బర్నరు వెలిగించి నెమ్మదిగా కాగనివ్వాలి. తొందరపడి మంట పెంచితే ట్యూబులు సాగుతాయి, లోపలి ఇటుక గోడ బీటలు వారుతుంది. ఆవిరి గొట్టాలను వేడెక్కనిస్తూ అందులో చేరే నీళ్లను ఎప్పటికప్పుడు వదలాలి. లేకపోతే ఆ నీళ్లు సుత్తిలా కొట్టి గొట్టం చీలుస్తాయి. ఈలోపు టర్బైన్ రోటర్‌ని చిన్న మోటారుతో తిప్పుతూనే ఉండాలి, ఒకవైపే వేడెక్కితే వంగిపోతుంది. ఇదంతా తెలిసి కూడా ఆ సన్నివేశంలో నాకు ఎక్కడా అడ్డు తగల్లేదు. మంట పట్టగానే ఆ పెద్దాయన ముఖంలో వచ్చిన వెలుగు సరైనది. బర్నరు గుప్పుమని అంటుకున్న క్షణంలో బాయిలర్ గదిలో అందరి ముఖాలూ అలాగే ఉంటాయి.

ఫిరంగుల పనీ అంతే. మిస్సోరికి మూడు టరెట్లు, ఒక్కోదానిలో మూడు చొప్పున తొమ్మిది 16 అంగుళాల ఫిరంగులు. ఒక్కో గొట్టం 66 అడుగులు. కవచాన్ని చీల్చే గుండు బరువు 1,225 కిలోలు. అది 38 కిలోమీటర్ల దూరం వెళ్లి పడుతుంది. డెక్కు మీద కనిపించే టరెట్ మొత్తంలో పై అంతస్తు మాత్రమే. కింద ఓడ అడుగుదాకా అంతస్తులు దిగి ఉంటాయి. గుండ్లను నిలువుగా నిలబెట్టి దాస్తారు. ఒక గుండుని కదపాలంటే దానికి తాడు చుట్టి, ఆ తాడుని తిరుగుతున్న ఇనుప డోలుకి వేసి, జారుడు నేల మీద నిలబెట్టే ఈడ్చాలి. పట్టు తప్పిందా, టన్ను పైబడ్డ ఇనుము కాలి మీద పడుతుంది. గుండు వెనక మందు సంచులు ఆరు, ఒక్కోటి 50 కిలోలు. పట్టుగుడ్డతో కుడతారు. పట్టు అయితే నిప్పు మిగల్చకుండా పూర్తిగా కాలిపోతుంది. గొట్టంలో ఒక్క రవ్వ మిగిలినా తరువాతి సంచి మనుషుల ముందే అంటుకుంటుంది. ఆ పని ఎంత ప్రమాదమో 1989 ఏప్రిల్ 19న తెలిసింది. మిస్సోరి తోబుట్టువు ‘అయోవా’ రెండో టరెట్‌లో మందు పేలి 47 మంది పోయారు.

గురి పెట్టే యంత్రం మరో అద్భుతం. పళ్ల చక్రాలు, షాఫ్టులు, క్యామ్‌లతో నడిచే లెక్కల పెట్టె. శత్రు ఓడ వేగం, దిక్కు, మన ఓడ వేగం, గాలి, మందు వేడిమి, గొట్టం అరుగుదల అన్నీ అందులోకి వెళ్తాయి. ఫిరంగి ఎటు తిరగాలో, ఎంత ఎత్తాలో లెక్క బయటికొస్తుంది. 1980ల్లో మిస్సోరికి క్షిపణులు, కొత్త రాడార్లు బిగించి ఆధునికం చేసినప్పుడు కూడా ఈ పాత లెక్కల పెట్టెను తియ్యలేదు. పని బాగా చేస్తోంది కాబట్టి ఉంచారు.

సినిమాలో చివరి గుండుని ఒక టరెట్ నుంచి ఇంకో టరెట్‌కి ముసలివాళ్లూ కుర్రాళ్లూ కలిసి చేతుల మీద మోసుకెళ్తారు. తేలిక రకం గుండు కూడా 860 కిలోలుంటుందని నాకు తెలుసు. అయినా ఆ మోతలో ఒక సత్యం ఉంది. యంత్రం ఆగిపోయినప్పుడు పదిమంది భుజాలు కలిపి పని సాగించడం ఓడల్లో పనిచేసిన ప్రతివాడూ చూసినదే.

నాకు నచ్చిన ఇంకో భాగం, రాడార్ పనిచెయ్యనప్పుడు నగాటా చెప్పే ఉపాయం. హవాయి చుట్టూ సముద్రంలో సునామీ హెచ్చరికల బోయలు ఉంటాయి. ఓడ కదిలితే నీరు కదులుతుంది, ఆ కదలికను బోయలు పట్టిస్తాయి. ఆ లెక్కన గళ్లు గీసుకుని శత్రువు ఏ గడిలో ఉన్నాడో ఊహించి కొడతారు. పిల్లల ఆటను కథలోకి ఇంత తెలివిగా తెచ్చినందుకు మెచ్చుకోవాలి. నిజం బోయలు సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరంతో మాట్లాడుతూ ఉపగ్రహానికి సమాచారం పంపుతాయి. 2004 డిసెంబరు సునామీ తర్వాత మనకీ అలాంటి ఏర్పాటు వచ్చింది. బంగాళాఖాతంలోని బోయలు చెప్పేది వినే జాతీయ సునామీ హెచ్చరిక కేంద్రం సముద్రానికి ఎంతో దూరంలో, మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 నుంచి పనిచేస్తోంది. ఆ సన్నివేశం చూస్తున్నప్పుడు ఇది మా అబ్బాయికి చెప్తే సినిమా ఆపి మరీ విన్నాడు.

యుద్ధనౌకల కాలం మిస్సోరి పుట్టేనాటికే ముగుస్తోంది. 1941 డిసెంబరు 10న బ్రిటన్ ఓడలు ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’, ‘రిపల్స్’ రెండింటినీ మలయా తీరంలో జపాన్ విమానాలే ముంచేశాయి. 1945 ఏప్రిల్ 7న జపాన్ మహానౌక ‘యమాటో’ అమెరికా విమానాల చేతిలో మునిగింది. అంతకంటే పెద్ద ఫిరంగులు ఏ ఓడకీ లేవు, అయినా ఆగలేదు. మిస్సోరి మాత్రం ఎప్పటికప్పుడు బతికి బయటపడింది. 1950 జనవరిలో వర్జీనియా తీరంలో ఇసుక మేటెక్కి కూర్చుంది. మందుగుండు, నూనె దించి, ఇసుక తవ్వి, టగ్గులతో లాగి రెండు వారాలకి తేల్చారు. కొరియా యుద్ధానికి వెళ్లింది. 1955లో మూల పెట్టారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో దాదాపు ముప్ఫై ఏళ్లు నిలబడిపోయింది. 1986లో మళ్లీ కొలువులోకి తీసుకున్నారు. 1991 గల్ఫ్ యుద్ధంలో టోమహాక్ క్షిపణులు వదిలింది, కొరియా తర్వాత మొదటిసారి శత్రువు మీద పెద్ద ఫిరంగులు పేల్చింది. మరుసటి ఏడు మార్చి 31న చివరి విశ్రాంతి.

1998లో పెర్ల్ హార్బర్ చేరింది, 1999 జనవరి 29న, అంటే తన 55వ పుట్టినరోజున, సందర్శకులకి తలుపులు తెరిచింది. కొద్ది దూరంలో నీళ్ల కింద ‘అరిజోనా’ ఉంది. 1941 డిసెంబరు 7 ఉదయం జపాన్ దాడిలో 1,177 మందితో మునిగిన ఓడ. యుద్ధం మొదలైన ఓడ, ముగిసిన ఓడ ఎదురెదురుగా ఉన్నాయి. మిస్సోరి ముక్కు అరిజోనా వైపు ఉండేలా కావాలనే కట్టారు. అందులో ఉన్నవాళ్లకి కాపలా అన్నట్టు.

మన దగ్గర ఇలాంటి భాగ్యం అన్ని ఓడలకీ పట్టలేదు. 1971లో బంగాళాఖాతం నుంచి చిట్టగాంగ్ మీదికి విమానాలు పంపిన విక్రాంత్ ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉండి, నిలబెట్టే స్తోమత లేక 2014లో పాత ఇనుముకి పోయింది. దాని లోహంలో కొంత మోటారు సైకిళ్లలోకి వెళ్లింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. విశాఖ మాత్రం ఒక మంచి పని చేసింది. 1969 డిసెంబరులో సోవియట్ రేవు రీగాలో మన జెండా ఎగరేసుకుని, 1971 యుద్ధం చూసి, 2001 ఫిబ్రవరిలో విరమించిన జలాంతర్గామి కుర్సురాని ఒడ్డుకి లాగి ఆర్‌కే బీచ్‌లో నిలబెట్టింది. 2002 ఆగస్టు నుంచి జనం లోపలికి వెళ్లి చూస్తున్నారు. గైడ్లుగా ఉండేది నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్లే. 91 మీటర్ల గొట్టంలో డెబ్భై మందికి పైగా ఎలా పడుకున్నారో, నీళ్లు ఎలా పొదుపు చేశారో, డీజిల్ వాసన ఒంటికి ఎన్నాళ్లు పట్టి ఉండేదో వాళ్లు చెప్తుంటే పక్కనే ఉన్న వాల్వు మీద చెయ్యి తనంతట తానే వెళ్తుంది. మిస్సోరి డెక్కు మీద ముసలివాళ్లు నిలబడే సన్నివేశాన్ని నమ్మశక్యం కాదని కొట్టిపారేసిన విమర్శకులు ఆ గైడ్లతో ఒక గంట గడిపి ఉంటే బాగుండేది.

సెలవుల్లో పిల్లలకి ముందు ‘బ్యాటిల్‌షిప్’ చూపించి, మర్నాడు కుర్సురాకి తీసుకెళ్లండి. ఇరవై మందితో కలిసి తోసుకుంటూ బయటికి రాకండి. టార్పెడో గది దగ్గర ఆగండి. ఒక్కో టార్పెడోని గొట్టంలోకి ఎంతమంది, ఏ పట్టు పట్టి ఎక్కించేవారో గైడుగారిని అడగండి. చేతులతో చూపించి మరీ చెప్తారు.